హృదయలయ – వంశవృక్షము

మన హృదయము నిమిషమునకు సుమారు 72 మారులు కొట్టుకొనును. ఆ లెక్కన ఒక పగలును ఒక రాత్రియు గడచునప్పటికి అది లక్షకు పైగా కొట్టుకొనుచున్నది. మనము నిద్రించుచున్నను, పనిలో మునిగియున్నను ఈ లెక్క ఆగదు. మృదంగ విద్వాంసునకైనను కచేరీ నడుమ కొంత విశ్రాంతి లభించును గాని, హృదయమునకు లభించు విశ్రాంతి యంతయు రెండు దెబ్బల నడుమనున్న క్షణకాలమే. ఆ క్షణకాలములో జరుగవలసిన పని కొంచెము ఆలస్యమైనచో ఏమగునో, ఆ ఆలస్యము కొన్ని కుటుంబములందు తరతరములుగా ఏల వచ్చుచుండునో తెలుపుటకే ఈ ప్రసంగము.

ఆటలాడుచున్న పిల్లవాడు ఉన్నట్టుండి నేలకూలుట, చెరువులో ఈదుచున్న బాలిక మునిగిపోవుట, అర్ధరాత్రి టెలిఫోను గంట మ్రోగగా ఉలికిపడి లేచిన ఇల్లాలు స్పృహ తప్పుట - ఇట్టివి జరిగినప్పుడు మన యిండ్లలో దిష్టి తగిలినదందురు, గాలి సోకినదందురు, మూర్ఛరోగమందురు. కొన్ని వేళల అది నిజముగా మూర్ఛరోగమే కావచ్చును. కొన్ని వేళల ఎండలో నిలువబడుట వలన గాని, ఉపవాసము వలన గాని కలిగిన సొమ్మ కావచ్చును. కాని అరుదుగా, అది హృదయలయ తప్పుటవలన కలుగును. అట్టి లయభంగములలో ఒకదానికి వైద్యులు ‘దీర్ఘ క్యూ-టి వ్యాధి’ అని పేరిడిరి. ఇది సుమారు 2,000 మందిలో ఒకరికి పుట్టుకతోనే ఉండునని అంచనా. ముందుగా గుర్తించినచో చాలవరకు ప్రాణాపాయము తప్పించవచ్చును. గుర్తింపనిచో మొదటి హెచ్చరికయే తుది ఘడియ కావచ్చును. కావుననే దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పదలచితిమి.

లయ పుట్టుచోటు

హృదయములో నాలుగు గదులు కలవు. పైనున్న రెండును కర్ణికలు. క్రిందనున్న రెండును జఠరికలు. కుడి కర్ణిక పైభాగమున ఒక చిన్న కణసముదాయము కలదు. ఎవరును ఆజ్ఞాపింపకయే అది తనంతట తాను విద్యుత్ప్రేరణను పుట్టించును. దీనిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వర్ణించిరి. అంతకు ముందటి సంవత్సరమే, జర్మనీలో పరిశోధన చేయుచుండిన సునావో తవారా అను జపాను వైద్యుడు, ప్రేరణ కర్ణికలనుండి జఠరికలకు పోవు మార్గమును కనుగొనియుండెను. ప్రేరణ ఈ మార్గమున ప్రాకుచు పోగా కండరము ముడుచుకొనును. రక్తము ముందుకు నెట్టబడును.

ఈ సూక్ష్మ విద్యుత్తును శరీరము వెలుపలనుండియే కొలిచి స్పష్టమైన గీతగా వ్రాయు యంత్రమును రూపొందించినవాడు హాలెండు దేశమందలి లైడెన్ నగరవాసి, విల్లెం ఐంథోవెన్. ఆ దినములలో రోగి తన చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలసి యుండెను. యంత్రము పెద్దది, దానిని ఆసుపత్రికి తరలించుట కష్టము. కావున 1905లో ఐంథోవెన్ సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న ఆసుపత్రినుండి తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ ద్వారా రోగుల హృదయవిద్యుత్తును రప్పించుకొనెను. హృదయము పలుకు మాటను దూరమునుండి విన్న తొలి శ్రోత ఆయనయే అనవచ్చును. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. నేడు ప్రతి పట్టణములోను తీయుచున్న ఇ.సి.జి.కి మూలము ఆ యంత్రమే.

ఆ గీతలోని మిట్టపల్లములకు ఐంథోవెన్ పి, క్యూ, ఆర్, ఎస్, టి అని ఆంగ్లాక్షరములను పేర్లుగా పెట్టెను. వీనిలో క్యూ మొదలుకొని టి ముగియు వరకు గల కాలము మనకిచట ముఖ్యము. జఠరికలు విద్యుత్తుచే మేల్కొని, తమ పని ముగించి, తిరిగి తరువాతి దెబ్బకు సిద్ధపడుటకు పట్టు కాలమది. హృదయవేగమునుబట్టి ఇది మారుచుండును గనుక, వేగమునకు తగినట్లు దీనిని సవరించి చూతురు. అందుకు 1920లో బాజెట్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రము నేటికిని వాడుకలో నున్నది. సవరించిన ఈ కాలము సామాన్యముగా సెకండును 100 భాగములు చేసిన 44 భాగములకు లోపుగా నుండును. స్త్రీలలో కొంచెము హెచ్చుగా నుండును. అది అర సెకండును చేరెనా, ప్రమాదసూచనగా భావింపవలెను.

ఆరు భాగముల ఆలస్యము

నూటికి ఆరు భాగములు! రెప్పపాటుకంటె తక్కువయైన ఈ కాలము ఇంత అనర్థము నెట్లు తెచ్చును? దీనిని గ్రహించుటకు మనము హృదయకణపు వాకిటివద్దకు పోవలెను.

ప్రతి హృదయకణము చుట్టును ఒక పలుచని పొర కలదు. ఆ పొరలో అతి సూక్ష్మములైన ద్వారములు కలవు. ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క జాతి లవణకణమునే పోనిచ్చును. ప్రేరణ రాగానే ముందుగా సోడియము ద్వారములు తెరచుకొనును, సోడియము లోనికి దూకును, కణము మేల్కొనును. తరువాత కాల్షియము లోనికి వచ్చును. దానివలన కండరము ముడుచుకొనును. తుదకు పొటాసియము ద్వారములు తెరచుకొని పొటాసియము వెలుపలికి పోవును. కణము శాంతించి తిరిగి సిద్ధపడును. సోడియము ద్వారము సకాలములో మూసికొనవలెను, పొటాసియము ద్వారము సకాలములో తెరచుకొనవలెను. మొదటిది సరిగా మూసికొనకున్నను, రెండవది సరిగా తెరచుకొనకున్నను కణము శాంతించుట ఆలస్యమగును. గీతలో క్యూ-టి కాలము సాగిపోవును.

ఆలస్యము అన్ని కణములందును సమానముగా నుండదు. కొన్ని సిద్ధమైయుండగా, కొన్ని ఇంకను సిద్ధము కాకుండును. అట్టి అదనున అకాలముగా మరియొక ప్రేరణ పుట్టినచో అది నేరుగా పోవుటకు దారి లేక, సుడివలె తిరుగనారంభించును. జఠరికల వేగము నిమిషమునకు 200 దాటును. 1966లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రాంస్వా దెసెర్తెన్ ఈ లయభంగమును వర్ణించుచు, గీతలోని శిఖరములు ఒక దారము చుట్టు మెలిదిరిగినట్లు కనబడునని చెప్పెను. అంత వేగమున జఠరికలు రక్తమును నెట్టజాలవు. కొన్ని క్షణములలో మెదడునకు రక్తము చాలక మనిషి కూలిపోవును. చాల మారులు సుడి తనంతట తానే అణగును. పడినవాడు ఏమియు జరుగనట్లు లేచి కూర్చుండును. అణగనిచో జఠరికలు ఊరక వణకుచుండును. ఆ వణకు ఆగకున్న మరణమే.

లేచి కూర్చుండినవానిని చూచి ఇంటివారు ఊరట చెందుదురు. అసలు ప్రమాదము ఆ ఊరటలోనే యున్నది.

కుటుంబములు చెప్పిన సాక్ష్యము

ఈ వ్యాధికి పేరు పెట్టుటకు ఎంతో ముందే కుటుంబములకు దీని జాడ తెలిసియుండెను. 1856లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరవైద్యుడు మైస్నర్ ఒక సంగతి వ్రాసెను. వినికిడి లేని పిల్లల పాఠశాలలో ఒక బాలిక ఏదో చిన్న తప్పు చేయగా, ఆమెను అధికారి యెదుటికి పిలిచిరి. ఆ భయముతో ఆమె అక్కడికక్కడే కూలి మరణించెను. వార్త తెలుపగా తలిదండ్రులు దుఃఖించిరి గాని ఆశ్చర్యపడలేదు. వారి బిడ్డలు మరి యిద్దరు అంతకు ముందే, ఒకరు భయమువలనను, మరియొకరు కోపోద్రేకమువలనను, అట్లే పోయియుండిరి.

తరువాత నూరు సంవత్సరములకు, 1957లో, నార్వే దేశపు వైద్యులు ఆంటన్ యెర్వెల్, ఫ్రెడ్ లాంగె-నీల్సెన్ ఒక కుటుంబమును గూర్చి ప్రకటించిరి. ఆ యింట ఆరుగురు బిడ్డలు. వారిలో నలుగురకు పుట్టుకతో వినికిడి లేదు. ఆ నలుగురును మాటిమాటికి స్పృహ తప్పుచుండిరి. వారి ఇ.సి.జి.లో క్యూ-టి కాలము మిక్కిలి దీర్ఘముగా నుండెను. వారిలో ముగ్గురు 4, 5, 9 ఏండ్ల వయసులలో హఠాత్తుగా మరణించిరి. తలిదండ్రులకు మాత్రము ఏ బాధయు లేదు.

1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డు అను వైద్యులు వినికిడి సరిగానున్న కుటుంబములందును ఇట్టి వ్యాధిని చూచిరి. ఇచట తల్లికో తండ్రికో వ్యాధి యుండి, బిడ్డలలో కొందరకు సంక్రమించుచుండెను. ఒకే వ్యాధి రెండు విధములుగా ఏల వచ్చుచున్నదో నాడు తెలియలేదు. దానికి సమాధానము జన్యువులలో దొరకెను.

ఒక అక్షరపు మార్పు

జన్యువనగా కణము తన పనిముట్లను తయారుచేసికొనుటకు ఉపయోగించు వ్రాత. అది నాలుగే అక్షరముల లిపిలో వ్రాయబడినది. ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులుగా నుండును: తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ప్రతి మనిషి వ్రాతలోను లక్షలాది అక్షరభేదము లుండును. వానిలో అధికభాగము హాని లేనివే. ‘చల్ల’ అన్నను ‘మజ్జిగ’ అన్నను అర్థ మొక్కటే గదా! కాని ‘పాలు’ అని వ్రాయవలసినచోట ఒక్క అక్షరము మారి ‘పాము’ అని పడినచో అర్థమే తలక్రిందులగును. హృదయకణపు ద్వారములను గూర్చిన వ్రాతలో అట్టి మార్పు పడుటయే ఈ వ్యాధికి మూలము.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్క్ కీటింగ్, ఆయన సహచరులు అనేక తరముల చరిత్ర తెలిసిన ఒక పెద్ద కుటుంబమును పరిశీలించి, 1991లో ఈ దోషము 11వ క్రోమోసోములో నున్నదని గుర్తించిరి. 1995లో 7వ క్రోమోసోములో ఒక పొటాసియము ద్వారమునకును, 3వ క్రోమోసోములో సోడియము ద్వారమునకును సంబంధించిన జన్యువులు దోషులని తేలెను. 1996లో 11వ క్రోమోసోములోని జన్యువు కూడ దొరకెను. అదియు పొటాసియము ద్వారమునకు సంబంధించినదే. తరువాత మరికొన్నిటిని చేర్చి మొత్తము 17 జన్యువులను పేర్కొనిరి గాని, 2020లో ఒక అంతర్జాతీయ నిపుణసంఘము సాక్ష్యమునంతయు మరల పరిశీలించి, సామాన్యముగా కనబడు వ్యాధికి తిరుగులేని ఋజువున్నవి ముందు చెప్పిన ఆ మూడే యని తేల్చెను.

నార్వే బిడ్డలకు వినికిడి ఏల లేదు? ఆ 11వ క్రోమోసోము జన్యువు తయారుచేయు పొటాసియము ద్వారము హృదయములోనే గాక లోపలి చెవిలో కూడ ఉన్నది. అచ్చటి ద్రవములో పొటాసియము హెచ్చుగా నుండిననే శబ్దము వినబడును. రెండు ప్రతులలో ఒకటి చెడినను చెవికి రెండవది చాలును. హృదయమునకు మాత్రము చాలకపోవచ్చును. రెండు ప్రతులును చెడినచో చెవియు పోవును, హృదయమునకు ప్రమాదమును హెచ్చగును. రొమానో, వార్డు చూచినది ఒక ప్రతి చెడిన కుటుంబములను. నార్వే వైద్యులు చూచినది రెండును చెడిన బిడ్డలను. మొదటి విధములో ప్రతి బిడ్డకు దోషము వచ్చుట రెండింట ఒక వంతు. రెండవ విధములో, తలిదండ్రు లిద్దరును చెరియొక చెడుప్రతిని మోయుచున్నప్పుడు, ప్రతి బిడ్డకు నాలుగింట ఒక వంతు.

ఏ ద్వారము చెడినదో దానినిబట్టి ఆపద వచ్చు వేళయు మారుచుండును. 2001లో పీటర్ ష్వార్ట్జ్ అను ఇటలీ వైద్యుడును, అనేక దేశముల సహచరులును 670 మంది రోగుల చరిత్రలను ప్రకటించిరి. 11వ క్రోమోసోము దోషము కలవారిలో నూటికి 62 ఆపదలు శరీరశ్రమలో, ముఖ్యముగా ఈతలో వచ్చినవి. 7వ క్రోమోసోము దోషము కలవారికి భయము, కోపము వంటి మనోద్వేగములలో నూటికి 43 వచ్చినవి. అలారము గంట, టెలిఫోను వంటి ఆకస్మిక శబ్దములు వీరికి శత్రువులు. 3వ క్రోమోసోము దోషము కలవారికి నూటికి 39 నిద్రలోనో విశ్రాంతిలోనో వచ్చినవి. మైస్నర్ చెప్పిన బాలిక మరణమును ఇప్పుడు మరల తలచినచో, అది కథ కాదు, లక్షణమే యని తెలియును.

ఒకే దోషము, వేర్వేరు జాతకములు

ఇంతవరకు విని, దోషము వంశములో నున్నచో ఇక తప్పించుకొను దారి లేదని కొందరు భయపడవచ్చును. అది సరికాదు. దక్షిణాఫ్రికాలోని కొన్ని కుటుంబముల చరిత్ర దీనికి మంచి నిదర్శనము. అచ్చటి పాల్ బ్రింక్, ఇటలీలోని ష్వార్ట్జ్ కలిసి 22 కుటుంబములను పరిశీలించిరి. ఈ కుటుంబము లన్నియు సుమారు 1730లో వివాహమాడిన ఒకే దంపతుల సంతతి. వారు డచ్చి, ఫ్రెంచి మూలములవారు. ఆ దంపతులనుండి వచ్చిన ఒకే అక్షరదోషము 166 మందిలో కనబడెను. ఇది వ్యాధిరూపములలో ఉగ్రమైనదే. అయినను ఆ 166 మంది గతియు ఒక్కటి కాదు. కొందరు బాల్యములోనే కూలిరి. కొందరు ఏ బాధయు లేక వృద్ధులైరి. కొందరి ఇ.సి.జి. పూర్తిగా సామాన్యముగానే యుండెను. విశ్రాంతిలో హృదయవేగము తక్కువగా నున్నవారికి అపాయము తక్కువ. ఈ సంగతులు 2005లో ప్రకటింపబడెను.

ఒకే దోషము ఇన్ని విధముల ఫలించుటకు కారణమేమి? 2009లో అదే బృందము ఒక కారణమును చూపెను. క్యూ-టి కాలమును కొంచెము సాగించునట్టి, జనసామాన్యములో విస్తారముగానున్న మరియొక జన్యుభేదము ఆ రోగులలో కొందరికి కలదు. ఒంటరిగా నున్నప్పుడు అది దాదాపు నిరపాయము. పెద్ద దోషమునకు తోడైనప్పుడు మాత్రము ఆపదను పెంచును. అనగా మన హృదయలయ ఒక్క జన్యువు చేతిలో లేదు. పెద్ద దోషము, చిన్న భేదములు, వయసు, ఆడ మగ తేడా, తీసికొను మందు, రక్తములోని పొటాసియము - ఇవన్నియు కలిసి తూచు త్రాసు అది. ఒక పళ్లెము వంశము నింపినది, దానిని మార్చలేము. రెండవ పళ్లెము చాలవరకు మన చేతిలో నున్నది.

ఉదాహరణమునకు మందులు. 7వ క్రోమోసోము జన్యువు తయారుచేయు పొటాసియము ద్వారమున అనేక రకముల మందులు చిక్కుకొని దానిని మూసివేయగలవు. ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని సూక్ష్మజీవినాశకములు, క్లోరోక్విన్ వంటి మలేరియా మందులు, కొన్ని మానసికవ్యాధుల మందులు ఈ కోవలోనివి. తుమ్ములకు, దురదలకు వాడుచుండిన టెర్ఫెనడిన్ అను మాత్రను ఈ కారణముచేతనే 1998లో అమెరికా విపణినుండి తొలగించిరి. ఆరోగ్యవంతులకు ఇవి సామాన్యముగా కీడు చేయవు. దోషము కలవారికి ప్రాణాంతకములు కావచ్చును. వాంతులు, విరేచనములు హెచ్చి పొటాసియము తగ్గినప్పుడును ఇదే భయము కలదు.

మన యిండ్ల సంగతి

తెలుగునాట మేనరికము పూర్వాచారము. మేనమామకు మేనకోడలికి జన్యువులలో సగటున నాలుగవ వంతును, మేనత్త మేనమామల బిడ్డలకు ఎనిమిదవ వంతును ఉమ్మడిగా నుండును. తాతనుండి వచ్చిన ఒక చెడుప్రతి వధూవరు లిద్దరిలోను ఉండుటకు ఇచట అవకాశము హెచ్చు. అప్పుడు బిడ్డకు రెండు చెడుప్రతులును చేరవచ్చును. నార్వే బిడ్డల విధము ఇదియే. మేనరికము చేసికొన్న ప్రతి యింటను వ్యాధి వచ్చునని దీని అర్థము కాదు. అత్యధికుల బిడ్డలు ఆరోగ్యముగానే పుట్టుదురు. కాని వంశములో వినికిడి లేని బిడ్డలో, హఠాన్మరణములో ఉన్నప్పుడు, సంబంధము నిశ్చయించుటకు ముందు వైద్యుని సలహా పొందుట వివేకము. పుట్టుకతో వినికిడి లేని ప్రతి బిడ్డకును ఒక్కమారైనను ఇ.సి.జి. తీయించుట మంచిది. ఆ బిడ్డ ఎప్పుడైనను సొమ్మసిల్లియుండినచో తప్పనిసరి.

హృదయమునకు సంబంధించిన జన్యుభేదములను గూర్చి మన నేలపైనను పరిశోధన జరిగినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు ఇతర దేశముల సహచరులతో కలిసి 2009లో ఒక జన్యువునందు 25 అక్షరములు లోపించిన భేదమును గూర్చి ప్రకటించిరి. భారత ఉపఖండవాసులలో నూటికి సుమారు నలుగురు దీనిని మోయుచున్నారని వారు తెలిపిరి. ఇది ద్వారములకు గాక హృదయకండరమునకు సంబంధించినది. వయసు మీరిన కొందరిలో కండరమును బలహీనపరచు వ్యాధులకు ఇది తోడ్పడును. బలహీనపడిన కండరమున లయభంగములును రావచ్చును. మోయువా రందరును రోగులు కారు. మనలో లక్షలమంది తమకు తెలియకయే ఇట్టి భేదములను మోయుచు సుఖముగా జీవించుచున్నారు. భేదముండుట వేరు, వ్యాధి యుండుట వేరు.

చేయదగిన పనులు

మొదటిది, సొమ్మసిల్లుటలలో తేడాను గుర్తింపుడు. ఎండలోనో, గుంపులోనో చాలసేపు నిలువబడి, కన్నులు చీకట్లు క్రమ్మి, చెమటపోసి మెల్లగా ఒరిగిపోవుట సామాన్యముగా నిరపాయము. పరుగెత్తుచుండగా, ఈదుచుండగా, భయపడినప్పుడు, పెద్ద శబ్దము విన్నప్పుడు, ముందు గుర్తేమియు లేక కొయ్యవలె కూలుట నిరపాయము కాదు. అట్టివారు పడి చేతులు కాళ్లు కొట్టుకొనవచ్చును. దానిని చూచి మూర్ఛరోగమని యెంచి ఏండ్ల తరబడి ఆ మందులే వాడినవారు కలరు. మూర్ఛకు మందు వాడుచున్నను తగ్గనివారు, ఎన్నడును ఇ.సి.జి. తీయించుకొననివారు, ఒకమారు తీయించుకొనవలెను. అది నొప్పిలేని పరీక్ష, అయిదు నిమిషముల పని, ఖర్చు స్వల్పము. క్యూ-టి కాలమును ప్రత్యేకముగా కొలువుడని వైద్యుని అడుగవలెను. ఒక్క గీత సామాన్యముగా నున్నంత మాత్రమున అనుమానము తీరదు. కుటుంబచరిత్ర బలముగా నున్నప్పుడు మరల పరీక్షింపవలసి యుండును.

రెండవది, ఒక కాగితముపై మీ వంశవృక్షమును వ్రాయుడు. మూడు తరములు చాలును. ఎవరు నలువది యేండ్లకు లోపుగా హఠాత్తుగా పోయిరి, ఎవరు నీటిలో అకారణముగా మునిగిరి, నిద్రలో ఎవరు పోయిరి, ఎవరికి ఫిట్సు వచ్చుచుండెను, ఎవరికి పుట్టుకతో వినికిడి లేదు - ఇవి వ్రాయుడు. ముసలమ్మలను అడుగుడు, వారి జ్ఞాపకము అమూల్యము. ఈ కాగితము వైద్యునకు ఎన్నో యంత్రములు చెప్పజాలని సంగతి చెప్పును.

మూడవది, జన్యుపరీక్ష. రక్తపు బొట్టులతో జరుగు ఈ పరీక్ష వ్యాధి స్పష్టముగా నున్న కుటుంబములలో సుమారు నాలుగింట మూడు వంతులవారికి దోషము ఎచ్చట నున్నదో తెలుపును. ముందుగా వ్యాధి కనబడినవానిని పరీక్షింపవలెను. దోషము దొరకినచో అప్పుడు అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను పరీక్షింతురు. కొన్ని వేళల హానికరమో కాదో తేలని భేదము కనబడును. దానిని చూచి కలతపడక, జన్యుశాస్త్రము తెలిసిన వైద్యునితో సంప్రదించవలెను.

వ్యాధి తేలినవారికి చికిత్సలు కలవు. హృదయముపై ఉద్వేగపు దెబ్బను తగ్గించు బీటా నిరోధకములు అను మాత్రలు వీనిలో మొదటివి. ఈ జాతి మందులను రూపొందించిన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమతి నందుకొనెను. మాత్రలు చాలనివారికి, హృదయమునకు ఉద్రేకమును తెచ్చు ఎడమవైపు నాడులను శస్త్రచికిత్సతో తొలగింతురు. మిక్కిలి ప్రమాదములో నున్నవారికి ఛాతీలో ఒక చిన్న యంత్రము నమర్తురు. లయ తప్పగానే అది విద్యుత్తాడనముతో సరిచేయును. మిరోవ్‌స్కీ అను వైద్యుడు రూపొందించిన ఈ యంత్రమును 1980లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున తొలిసారి ఒక రోగికి అమర్చిరి. ఇవి గాక జాగ్రత్తలు కలవు: ఈతకు ఒంటరిగా పోకుండుట, పడకగదిలో గంటలు లేకుండుట, వ్యాధి సంగతి చెప్పకుండ ఏ మందునైనను తీసికొనకుండుట, విరేచనములు పట్టినప్పుడు ఆలస్యము చేయకుండుట.

ఎదుట ఎవరైనను కూలి, పిలిచినను పలుకక, ఊపిరి సరిగా తీయకున్నచో 108కి ఫోను చేసి, వెంటనే ఛాతీ నడుమ రెండు అరచేతులుంచి, రెండంగుళముల లోతున, నిమిషమునకు 100 నుండి 120 మారుల చొప్పున గట్టిగా నొక్కుచుండవలెను. సహాయము వచ్చువరకు మానరాదు. ముఖముపై నీళ్లు చల్లుచు, చేతిలో తాళపుచెవి పెట్టుచు గడపు ప్రతి నిమిషమును ప్రాణమునుండి తరుగుచుండును.

తుదకు ఒక మాట. మన సమాజములో ఇంటి రోగమును దాచుట మర్యాదగా భావించుచున్నారు. ఆడపిల్ల సొమ్మసిల్లినదన్న మాట బయటికి పొక్కిన సంబంధములు తప్పునని తల్లి భయము. బిడ్డ పోయిన యింట కోడలి కడుపు మంచిది కాదన్న నింద. ఈ భయము, ఈ నింద రెండును అజ్ఞానమునుండి పుట్టినవే. జన్యుప్రతిని తల్లియు ఇచ్చును, తండ్రియు ఇచ్చును. ఏ ప్రతి బిడ్డకు చేరవలెనో ఎవరును ఎన్నుకొనలేరు. ఎవరును చేయని తప్పునకు ఎవరిని నిందింతుము? లైప్‌జిగ్‌లో మూడవ బిడ్డను కోల్పోయిన ఆ తలిదండ్రులకు ఇట్లు జరుగునని తెలిసియుండెను. ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము వారికి నాడు లేరు. నేడు మనకు కలరు. మీ యింట అట్టి మరణ మొకటి జరిగియుండినచో, దానిని గూర్చి బిడ్డలతోను వైద్యునితోను మాటలాడుడు. పోయినవారు మనకు విడిచిన హెచ్చరిక అది. బ్రతికియున్నవారి కొరకు దానిని వినియోగించుకొనవలెను.